బొటనవేలి గుంట

గొట్టాల మేస్త్రి భార్యను చంపింది ఆమె సొంత తమ్ముడే. ఈ సంగతిలో మేస్త్రికి అనుమానం లేదు, ఎవరితోనూ వాదన లేదు. కత్తితో పొడవలేదు, విషం పెట్టలేదు. తన కాళ్లకు చల్లగాలి తగలాలని చంపాడు, అంతే.

అదెలాగో తెలియాలంటే ఆ ఫ్యాక్టరీ హాలు చూడాలి. ఈ చివర నిలబడితే ఆ చివర ఉన్నది ఆడో మగో ఆనవాలు తెలియదు. తలుపులు, బల్లలు, బీరువాలు అక్కడ తయారవుతాయి. ఈ చివర రంపాలు, వాటి పక్కనే చిత్రిక మెషిన్, మధ్యలో బెజ్జాలు వేసేవాళ్లూ అతికించేవాళ్లూ, ఆ చివర ఉప్పుకాగితంతో చెక్క నున్నగా రుద్దే ఆడవాళ్ల బల్లలు. పైకప్పు కింద ఏనుగు పొట్టంత లావు గొట్టం హాలు పొడుగునా పాకుతుంది. దాన్నుంచి ఒక్కో మెషిన్‌కీ ఒక్కో పిల్లగొట్టం దిగుతుంది. గోడ అవతలున్న పెద్ద ఫ్యాను గాలిని లాగుతుంది, గాలితో పాటు పొట్టూ పోయి సంచుల్లో పడుతుంది. ఆ గొట్టాలూ ఆ ఫ్యానూ ఆ సంచులూ చూసుకోవడం మేస్త్రి ఉద్యోగం.

ఫ్యాను ఉన్నది రంపాల వైపు. కాబట్టి రంపానికీ చిత్రికకూ లాగుడు ఎక్కువ. నిజానికి వాటికి అంత అక్కర్లేదు. వాటి పొట్టు లావు, లాగకపోతే కింద పడి ఊరుకుంటుంది. ఉప్పుకాగితం నుసి అలా కాదు. పిండికన్నా మెత్తన. లేచిందంటే దిగదు. కనురెప్పల మీద కూర్చుంటుంది, పళ్ల సందుల్లో చేరుతుంది, టీ మీద మీగడ కడుతుంది. గట్టి గాలి కావలసింది దానికి. దానికి దక్కేదేమో ముందున్నవాళ్లంతా తాగి వదిలిన ఎంగిలి గాలి. ఎవరి పని అయిపోగానే వాళ్లు తమ గొట్టం మూత వేసుకుంటే ఆ ఎంగిలి గాలి కూడా చాలు. వేసుకోరు. చెప్పి చెప్పి మేస్త్రి గొంతు పోయింది గానీ ఒక్కడికీ చెయ్యి రాలేదు.

అన్నిటికన్నా పెద్ద పాపం చిత్రిక మెషిన్ పక్కన ఉంది. అక్కడ నేలను ఆనుకుని గొట్టానికి ఒక వెడల్పాటి నోరు పెట్టారు. సాయంత్రం చిత్రిక పొరలు చీపురుతో అందులోకి తోస్తే లాగేసుకుంటుంది. తోయడం కాగానే ఇనప పలక దించి మూసెయ్యాలి. మూయకపోతే హాలు గాలిలో సగం అదే మింగేస్తుంది. కానీ ఎండాకాలం దాని ముందు స్టూలు వేసుకుని కూర్చుంటే కాళ్ల సందుల్లోంచి గాలి జుయ్యిమని పోతుంది. ప్యాంటు గుడ్డ టపటపా కొట్టుకుంటుంది. ఏ పంకా ఇవ్వదు ఆ సుఖం.

చిత్రిక మెషిన్ మీద పని చేసేవాడు మేస్త్రి బామ్మర్ది.

హాల్లో వాణ్ని షోకుబాబు అంటారు. యాభైకి దగ్గరపడ్డా జేబులో దువ్వెన లేకుండా కదలడు. పని దిగేముందు గాలి పైపు తీసి తలా చొక్కా చంకలూ ఊదుకుంటాడు. వాడి ఒంటి మీది పొట్టంతా లేచి పక్కవాడి మీద పడుతుంది. వాడు మాత్రం పెళ్లికొడుకులా బయటికి నడుస్తాడు. వాడు మేస్త్రిని ‘బావా’ అని హాలు దద్దరిల్లేలా పిలవడంతో అందరికీ అదే అలవాటైంది. ఆఖరికి గేటు కాపలావాడు కూడా ‘బావ వచ్చాడు’ అంటాడు. ఇంతమంది బామ్మర్దులను మోసే మనిషి లోకంలో ఇంకొకడు ఉండడు. మేస్త్రికి ఒక్కడే చాలా ఎక్కువ.

మేస్త్రి భార్య ఆ చివరి ఉప్పుకాగితం బల్ల దగ్గర పని చేసేది. దగ్గు మొదట పొడిగా వచ్చింది, తర్వాత తడిగా, తర్వాత అదే ఆమె మాట అయిపోయింది. తెల్లవారి మొహం కడుక్కునే తొట్టిలో ఆమె ఉమ్మితే చెక్క రంగు జారేది. మేస్త్రి నీళ్లు కొట్టి కడిగేవాడు. మళ్లీ కడిగేవాడు. ఆ రంగు ఇప్పటికీ కళ్ల ముందు నుంచి పోలేదు. ఆ రోజుల్లో ఎప్పుడు చిత్రిక వైపు వెళ్లినా ఆ నేలనోరు తెరిచే ఉండేది. ‘‘మర్చిపోయా బావా’’ అనేవాడు బామ్మర్ది. మేస్త్రి కాలితో తన్ని పలక దించేవాడు. మర్నాడు మళ్లీ తెరిచి ఉండేది. ఆమె పోయిన రోజు అందరికన్నా గట్టిగా ఏడ్చింది వాడే. గుండెలు బాదుకున్నాడు. మధ్యలో జుట్టు సర్దుకోవడం మేస్త్రి చూశాడు.

తర్వాత కంపెనీ కొత్త ఫ్యాను పెట్టింది. నేలనోటి పలకకు స్ప్రింగు వేసింది, వదిలితే దానంతటదే మూసుకునేలా. అప్పుడు గానీ మేస్త్రి కూతురు ఆ చివరి బల్ల దగ్గర పనికి చేరతానంటే ఒప్పుకోలేదు. నిజానికి అప్పుడూ ఒప్పుకోలేదు.

‘‘నాకొచ్చిన పని ఇదొక్కటే నాన్నా. అమ్మ నేర్పింది’’ అంది ఆ పిల్ల.

నేర్పిన మాట నిజమే. మేస్త్రి భార్యకు మొనతేలిన చెక్క ఇంట్లో కనబడకూడదు. గరిటె కాడ, పెట్టె మూత, ఏది దొరికినా మూలలు గుండ్రంగా రుద్దేది. పట్టుకునేచోట బొటనవేలు కూర్చునేలా చిన్న గుంట తీసేది. ఇంటి కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా పెట్టే చెక్కముక్కకు కూడా ఆ గుంట ఉంది. మేస్త్రి రోజూ పొద్దున్నే దాన్ని పట్టుకునే కిటికీ తెరుస్తాడు. అమ్మ చేతివాటమంతా కూతురికి వచ్చింది.

మేస్త్రి ఆ బల్ల దగ్గరున్న గొట్టం మూతికి ఒక ఎర్రదారం కట్టాడు.

‘‘ఇది లోపలికి నిక్కి ఉన్నంతసేపూ పని చెయ్యి. వేలాడిందా, చెయ్యి ఆపి నన్ను పిలువు. అర్థమైందా?’’

‘‘అయింది నాన్నా.’’

దారం నిక్కింది. కొన్నాళ్లు మేస్త్రి మనిషిలా నిద్రపోయాడు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం అటు వెళ్తే దారం వేలాడుతోంది, చచ్చిన బల్లి తోకలాగా. కూతురు ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని చెక్క రుద్దుతోంది. చుట్టూ నుసి పొగలా నిలబడి ఉంది.

‘‘ఎప్పట్నించి ఇలా ఉంది?’’

‘‘ఇప్పుడే నాన్నా. చూసుకోలేదు.’’

అని దగ్గింది. ఒక్క దగ్గే. పొడి దగ్గు. మేస్త్రికి ఆ దగ్గు తెలుసు. అది ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో దారి మొత్తం తెలుసు.

ఆ రోజు నుంచి ఆయన గొట్టం గొట్టం వెతికాడు. నిచ్చెన వేసుకుని దూలాల మీదికెక్కాడు. అక్కడ పేరుకున్న నుసి చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగింది, మెత్తగా, గోరువెచ్చగా, ఏదో జంతువు బొచ్చులాగా. కిందినుంచి చూస్తే నేల అద్దంలా ఉంటుంది. పెద్దవాళ్లెవరైనా చూడ్డానికొస్తే గాలి పైపులతో కిందిదంతా పైకి ఊది పెడతారు, అదీ వీళ్ల శుభ్రం. అతుకు అతుకుకూ చెవి పెట్టి విన్నాడు. మలుపుల దగ్గర విప్పి చూశాడు. ఒకచోట ఎవడో తిని పారేసిన పండు తొక్కలు, ఒకచోట తల దువ్విన వెంట్రుకల ఉండ. అది ఎవరిదో అడగక్కర్లేదు. సంచుల గదిలో చెమ్మ పట్టిన పొట్టు పులిసి వాంతి వాసన కొడుతోంది. సంచులన్నీ దులిపాడు. రాత్రి ముద్ద నోట్లో పెట్టుకుంటే ముద్దకూ అదే వాసన.

ఎక్కడా చిల్లు లేదు. ఎక్కడా అడ్డు లేదు. ఫ్యాను బాగానే తిరుగుతోంది. దారం మాత్రం వేలాడుతోంది.

చివరికి టీ వేళ చిత్రిక వైపు వెళ్లాడు. మెషిన్ ఆపి ఉంది. బామ్మర్ది స్టూలు మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. చేతిలో టీ గ్లాసు, కళ్లు సగం మూత. ప్యాంటు గుడ్డ టపటపా కొట్టుకుంటోంది.

నేలనోరు బార్లా తెరిచి ఉంది. స్ప్రింగు మూయకుండా పలక కింద ఒక అడ్డుచెక్క.

‘‘ఏంట్రా ఇది?’’

‘‘గాలి బావా. రా, కూర్చో. నీకూ వస్తుంది.’’

మేస్త్రి వంగి అడ్డుచెక్కను ఒక్క గుంజు గుంజాడు. పలక టప్పున పడింది. చేతిలో ఉన్నది ఏమిటో కూడా చూడకుండా బాయిలర్‌కు వెళ్లే చెత్త బండిలోకి విసిరేశాడు.

‘‘ఇంకోసారి కనబడిందంటే నీ కాళ్లే అడ్డం పెడతాను.’’

‘‘పెట్టు బావా, చల్లగా ఉంటాయి’’ అన్నాడు వాడు. రంపాల దగ్గరివాళ్లు పకపకా నవ్వారు.

‘‘బావ బామ్మర్దులు, మధ్యలో మాకెందుకు’’ అన్నాడొకడు. మేస్త్రి వాడి వైపు చూసిన చూపుకు వాడు టీ సగంలో వదిలేసి మెషిన్ ఎక్కాడు.

ఆ సాయంత్రం దారం నిక్కింది. మర్నాడు మళ్లీ వేలాడింది.

ఈసారి మేస్త్రి పరుగులాంటి నడకతో వెళ్లాడు. నేలనోటి కింద కొత్త అడ్డుచెక్క. వంగి పట్టుకున్నాడు. గుంజబోయి ఆగిపోయాడు.

ఆయన బొటనవేలు దానంతటదే ఒక గుంటలో కూర్చుంది.

మెల్లగా తీసి చూశాడు. మూలలు గుండ్రంగా ఉన్నాయి. ఒళ్లంతా పసిపిల్ల చెంపలా నున్నన. ఒక పక్క వేలికి సరిపోయే గుంట. ఇలాంటిది ఈ హాల్లో చేసే చెయ్యి ఒక్కటే ఉంది.

‘‘అది పారెయ్యకు బావా. నీ కూతురు పాపం రెండోది చేసిచ్చింది’’ అన్నాడు బామ్మర్ది. ఈసారి నవ్వలేదు.

‘‘నువ్వు అడిగావా?’’

‘‘అడగలేదు. నా వీపు చూసింది. ఇదిగో, నువ్వూ చూడు.’’ చొక్కా ఎత్తాడు. వీపంతా చెమటకాయలు ఎర్రగా పొక్కి, కొన్ని చితికి, వాటి మీద పొట్టు అంటుకుని ఉంది. మేస్త్రి మొహం తిప్పుకున్నాడు. ‘‘మావయ్యా ఇలా ఎలా పని చేస్తున్నావ్ అని తనే చేసి తెచ్చింది. నాకేం తెలుసు నీకు చెప్పలేదని!’’

‘‘నీకేం తెలుసు. మా ఆవిడ దగ్గి దగ్గి చచ్చినప్పుడూ నీకేం తెలీదు.’’

రంపం ఆపినవాడు మళ్లీ తిప్పలేదు. ఫ్యాను హోరు ఒక్కటే వినబడుతోంది.

బామ్మర్ది మెషిన్ కింద పనిముట్ల సొరుగు లాగాడు. దువ్వెనలు, నూనె సీసా, అద్దం ముక్క పక్కకు తోసి అడుగు నుంచి ఒక చెక్కముక్క తీశాడు. చేతి జిడ్డుకు నల్లబడి ఉంది. దాన్ని మేస్త్రి చేతిలో పెట్టాడు.

‘‘ఇది అక్క చేసింది. పాత పలక ఫ్యాను వణుకుడుకి జారి పడిపోయేది కదా. కాలితో ఎన్నిసార్లు ఎత్తుతావురా తమ్ముడూ అని చేసిచ్చింది. నువ్వు వస్తున్నట్టు కనబడితే తన్ని తీసి జేబులో వేసుకునేవాణ్ని. మర్చిపోయా బావా అనేవాణ్ని. బావకి కనబడనీకు అని చెప్పింది కూడా తనే.’’

అదే గుండ్రం. అదే గుంట. బొటనవేలు అందులోనూ కూర్చుంది, రోజూ పొద్దున కిటికీ దగ్గర కూర్చున్నట్టే.

‘‘అబద్ధం’’ అన్నాడు మేస్త్రి.

‘‘చేతిలోనే ఉంది కదా బావా. అమ్మ పోయినప్పట్నించీ నన్ను పెంచింది అక్కే. నాకు చెమట పడితే చూడలేకపోయేది. వద్దక్కా, నీ బల్లకి గాలి తగ్గుద్దట అన్నాను. అన్నానా లేదా మీ ఇంట్లో అక్క ఫొటోని అడుగు. నాకేంరా, గుడ్డ కట్టుకుంటాను అంది.’’

మేస్త్రి రెండు చెక్కలూ పట్టుకుని హాలు పొడుగునా నడిచాడు. ఎవరూ ‘బావా’ అనలేదు. కూతురి బల్ల ముందు ఆగాడు. అడ్డుచెక్క తీశాడు కాబట్టి దారం లోపలికి నిక్కి ఉంది. ఆ పిల్ల ఆయన చేతుల వైపు చూసి గుడ్డ కిందికి లాగింది. గుడ్డ ఉన్నంత మేరా మొహం తెలుపు, పైనంతా చెక్క రంగు.

‘‘దారం వేలాడటం నీకు తెలీలేదా?’’

‘‘తెలుసు నాన్నా.’’

‘‘ఎందుకు వేలాడిందో తెలీదా?’’

‘‘తెలుసు. మావయ్య వీపు నువ్వు చూడలేదు. ఎండలు తగ్గాక తీసేద్దామనుకున్నా. నాకేం, గుడ్డ కట్టుకుంటున్నాగా.’’

అవే మాటలు. అక్షరం పొల్లు పోకుండా అవే. మేస్త్రికి తొట్టిలో జారిన ఆ రంగు నోట్లోకి వచ్చినట్టయింది.

‘‘మీ అమ్మ ఈ పని చేసేదని నీకు తెలుసా?’’

ఆ పిల్ల తల దించుకుంది. ‘‘పక్కన కూర్చుని చూసేదాన్ని. నీకు చెప్పొద్దంది.’’

అంటే ఇంట్లో అందరికీ తెలుసు. తన అన్నం తిని, తన పక్కన పడుకుని, తను కాలితో దించిన పలకను మర్నాడు ఎత్తించింది ఆవిడే. రాత్రంతా దగ్గుతుంటే ఈయన లేచి వీపు రాసేవాడు, నీళ్లు కాచేవాడు. వాణ్ని తిట్టేవాడు. ఆవిడ కళ్లు మూసుకుని వినేది.

మేస్త్రి ఫోర్‌మన్ దగ్గరికి వెళ్లాడు. ఫోర్‌మన్ మంచివాడు కాదు, చెడ్డవాడూ కాదు, అలిసిపోయినవాడు.

‘‘ఆ నేలనోరు పూర్తిగా మూసేస్తున్నాను సార్.’’

‘‘మూసేస్తే చిత్రిక పొరలు ఎటు పోతాయి మేస్త్రీ?’’

‘‘బుట్టలో ఎత్తి మోసుకుపోతాడు. చేతులున్నాయిగా.’’

‘‘మీ బామ్మర్ది కదయ్యా.’’

‘‘వాడే.’’

ఫోర్‌మన్ తల గోక్కున్నాడు. గోళ్లలో చేరిన నుసి చూసి ప్యాంటుకు తుడుచుకున్నాడు. ‘‘కానియ్’’ అన్నాడు.

ఫ్యాను ఆపించి, చుట్టుపక్కల పొట్టంతా ఊడ్పించి, తడిపించి, మేస్త్రి తన చేత్తోనే పలక చుట్టూ వెల్డింగ్ పెట్టాడు. చుట్టూ మనుషులు మూగారు. బామ్మర్ది స్టూలు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఎక్కడ వేసుకోవాలో తెలియనట్టు.

‘‘నేనెలా పని చెయ్యను బావా ఈ ఉడుకులో?’’

‘‘చెయ్యి.’’

‘‘నా ఒళ్లు చూశావుగా.’’

‘‘చూశాను.’’

మేస్త్రి ఫ్యాను తిప్పించి చివరి బల్ల దాకా నడిచాడు. ఎర్రదారం గొట్టంలోకి నిక్కి వణుకుతోంది. కూతురు దాన్నే చూస్తోంది. ఆమె కళ్లలో నీళ్లు మావయ్య కోసం. మేస్త్రి చూసి కూడా అడగలేదు. ఇటు వచ్చి రెండు చెక్కలనూ బాయిలర్ నోట్లో వేశాడు. ఎండిన చెక్క, ఇట్టే అంటుకుంది. జిడ్డుది ఇంకా తొందరగా అంటుకుంది.

ఆ తర్వాత హాల్లో రకరకాలుగా చెప్పుకున్నారు. ఆడవాళ్ల బల్లల దగ్గర ఒకావిడ ఉండబట్టలేక అడిగింది: ‘‘అయితే బావగారూ, మీ ఆవిడే తమ్ముడి కోసం...’’ మేస్త్రి నిచ్చెన ఎత్తుకుని వెళ్లిపోయాడు. బామ్మర్ది ఒకరోజు గేటు దగ్గర ఎదురుపడి ‘‘బావా’’ అన్నాడు. హాలు దద్దరిల్లేలా కాదు, మామూలుగా. తల దువ్వుకోలేదు, బుట్టలు మోసి మోసి చొక్కా భుజం చిరిగింది. మేస్త్రి గోడను దాటినట్టు వాణ్ని దాటాడు. వాడు చంపలేదని ఇప్పుడు తెలుసు. తెలిసినా క్షమించబుద్ధి కాలేదు. చంపినవాడైతే కనీసం పగ పట్టడానికి ఒక మొహం ఉండేది.

కూతురి దగ్గు తగ్గింది. దారం రోజూ నిక్కే ఉంటోంది. ఆ పిల్ల తండ్రితో మాట్లాడటం మాత్రం తగ్గించింది.

ఒక ఆదివారం పొద్దున ఆమె లేచేసరికి కిటికీ రెక్క దగ్గర అమ్మ చేసిన చెక్కముక్క లేదు. దాని చోట ఇటుకరాయి ఉంది. గరుకు రాయి, మూలలు విరిగి ఉన్నాయి. పొయ్యి దగ్గర గుంట ఉన్న గరిటె కూడా లేదు. ఆమె ఇటుకనూ తండ్రినీ మార్చి మార్చి చూసింది.

‘‘అమ్మ మీద కోపమా నాన్నా?’’

ఆయన మొహం కడుక్కుంటున్నాడు. తొట్టిలో ఉమ్మి, నీళ్లు కొట్టి, మళ్లీ కొట్టాడు.

‘‘నీ దారం నిక్కి ఉంటే చాలు. ఆ సంగతి ఇంక ఈ ఇంట్లో ఎత్తకు. ఎవరడిగినా నేను చెప్పను. నువ్వడిగినా చెప్పను.’’

తుండుతో మొహం తుడుచుకున్నాడు. ఆ విషయం ఆయన నోట మళ్లీ రాలేదు.